ఉప్పు లేని తొమ్మిది వారాలు

మూత్రపిండాల వైద్యం నేర్చుకుంటున్న కుర్ర డాక్టర్లు నన్ను చూడడానికి వచ్చినప్పుడు ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతారు. ఆ కాలంలో యంత్రాలేవీ లేకుండా జబ్బు ఎట్లా పట్టేవారని. వాళ్ల గొంతులో కొంచెం జాలి ఉంటుంది. మా వంశంలో ఎవరూ ఎవరి జాలినీ పుచ్చుకోలేదు. మా కోటలాంటి గడి చేజారి, ఏనుగుల కొట్టంలో ఎవరో పొగాకు ఆరబెట్టుకుంటున్నప్పుడు కూడా పుచ్చుకోలేదు. నేనూ పుచ్చుకోను. పైగా, పందొమ్మిది వందల నలభైల్లో సిద్దిపేట దవాఖానలో నేను గడిపినంత సంతోషంగా ఈ కుర్రవాళ్లలో ఒక్కరైనా గడుపుతున్నారా అని నాకు అనుమానం.

నా పదోన్నతుల గురించి ఇక్కడ రాయను. అవి కాగితాల మీద ఉన్నాయి, అక్కడే ఉండనీయండి. పని ఎట్లా ఉండేదో రాస్తాను.

మరిగించే పని

మా దగ్గర ఒక స్పిరిట్ దీపం, ఆరు గాజు నాళికలు, ఘాటు వాసన వేసే ఆమ్లం ఒక సీసా, చక్కెర పట్టే నీలం మందు ఒక సీసా, రక్తపోటు కొలిచే పెట్టె ఒకటి, కొన్ని రబ్బరు గొట్టాలు ఉండేవి. అంతే. నాళికలో మూత్రం పోసి పైభాగాన్ని మంట మీద మరిగించి రెండు చుక్కలు ఆమ్లం వేయాలి. నీళ్లలాగే ఉండిపోతే మంచిది. మూత్రపిండాలు చెడి, రక్తంలో ఉండవలసిన సారాన్ని బయటికి వదిలేస్తుంటే అది కోడిగుడ్డు తెల్లసొనలాగా తెల్లగా గడ్డకడుతుంది. మనిషి కడుపులో ఎక్కడో దాగిన జబ్బు నా రెండు వేళ్ల మధ్య తెల్లబడడం మొదటిసారి చూసినప్పుడు నాకు ఎగరాలనిపించింది. ఎగరలేదు. నిటారుగా నిలబడి కంపౌండర్ ఖాదర్ సాబ్‌తో, "రాసుకోండి" అన్నాను.

మా అమ్మకు మాత్రం ఇది మింగుడు పడలేదు. దేశ్‌ముఖుల మనుమడు ఊరి జనం మూత్రం మరగబెడుతున్నాడని చెప్పుకోలేక, చుట్టాలందరికీ నేను కళ్ల డాక్టర్నని చెప్పింది. దాంతో వర్గల్ వైపు నుంచి మా బంధువులు ఎర్రబడిన కళ్లతో వరసగా దిగేవారు. నేను వాళ్ల కళ్లు చూసి, ఆ పక్కనే గుట్టుగా ఒంటికి ఎట్లా పోతున్నదో అడిగేవాణ్ణి. ఇద్దరు ముగ్గురికి అట్లా జబ్బు బయటపడింది కూడా.

తేనె సీసా

మా పెద్ద డాక్టరు గారు పట్నం నుంచి బదిలీ మీద వచ్చిన వృద్ధులు. తెల్ల షేర్వాణీ, మెత్తటి ఉర్దూ, కఠినమైన కళ్లు. నేను చేరిన కొత్తలో జగదేవ్‌పూర్ నుంచి ఒక కుటుంబంలో అయిదుగురు వచ్చారు. ఒకరి తర్వాత ఒకరికి నీలం మందు ఇటుక రంగుకు తిరిగింది. అయిదుగురికీ మధుమేహమే. ఇంటిల్లిపాదికీ ఒకేసారి జబ్బు పట్టడం పుస్తకాల్లో ఎక్కడా లేదు, కనుక నేనే కనిపెట్టానని పొంగిపోయి పెద్ద డాక్టరు గారి గదికి దాదాపు పరుగున వెళ్లాను.

ఆయన వాళ్లు తెచ్చిన సీసా ఎత్తి అడుగు చూశారు. అక్కడ అంటుకున్న జిగురును వేలితో తీసి చూపించారు. అది అడవి తేనె సీసా. అయిదుగురూ వంతులవారీగా అందులోనే పోసి తెచ్చారు.

"డాక్టర్, మీరు తేనెకు జబ్బు కనిపెట్టారు. ఇక మీద సీసా మనది. పట్టేది మన ఎదుట," అన్నారు ఆయన నవ్వకుండా.

ఆ మాటను నేను శిరసావహించాను. రైతుకు, బీడీల దుకాణం వాడికి, తాలూకా కచేరీ గుమాస్తాకు అందరికీ మా సీసానే, మా తెర వెనకే. ఒక్కరి దగ్గర మాత్రం తప్పాను. ఆ తప్పు గురించే ఈ రాతంతా.

మామ

సిద్దిపేటకు నాలుగు కోసుల దూరంలో, అంటే ఎనిమిది మైళ్ల అవతల, ఒక గడి ఇంకా నిలబడి ఉండేది. ఆ దొర మా అమ్మకు దూరపు అన్న, నాకు మామ. యాభై దాటిన భారీ మనిషి. నడుము నొప్పి, మూత్రంలో మంట అని కబురు చేస్తే వెళ్లాను.

"ఏం అల్లుడూ," అన్నాడు అరుగు నిండా మనుషులుండగా. "మీ తాత ఏనుగెక్కి ఊరేగిండు. నువ్వేమో ఉచ్చ ఉడకబెడ్తున్నవట."

"ఉడకబెడ్తెనే జబ్బు తెలుస్తది మామా. మీది గూడ ఉడకబెట్టాలె."

అరుగు మీద ఎవరో దగ్గారు. నేను సంచిలోంచి మా సీసా తీసి పెట్టాను. మామ ఆ సీసాను చూశాడు, నన్ను చూశాడు, గడప దగ్గర నిలబడిన లస్మయ్యను చూశాడు. లస్మయ్య వెట్టి మనిషి. అంటే కూలి లేకుండా గడికి నీళ్లు మోసి, కట్టెలు కొట్టి, దొర బండికి ముందు పరుగెత్తేవాడు. ముప్పై ఏళ్లుంటాయి.

అప్పుడు నేను చేయవలసింది ఒకటే. మామను లోపలి గదికి తీసుకుపోయి, ఎదురుగా నిలబడి, సీసాలో పోయించాలి. నేను లేచి పెరట్లోకి వెళ్లాను. గడిలో దొర సీసాలో పోస్తుంటే పక్కన నిలబడడం మర్యాద కాదని నా వెన్నెముక నాకు చెప్పింది. ఆ వెన్నెముక మా తాతది.

మర్నాడు లస్మయ్య సీసాను గుడ్డలో చుట్టుకుని నాలుగు కోసులూ నడిచి తెచ్చాడు. మరిగిస్తే పైన తెల్లటి పొర. మామకు మూత్రపిండాల వాపు అని తేల్చాను. ఉప్పు బందు, పప్పు తక్కువ, విశ్రాంతి అని చీటీ రాశాను. ఆ చీటీ మా అత్తమ్మ చేతికి వెళ్లింది. దొరసానమ్మ మాట అంటే గడిలో దొర మాటకంటే గట్టిది.

"డాక్టరు చీటీ మార్చందే నా వంటింట్లకెల్లి ఉప్పు రవ్వ బయటికి రాదు," అని ఆవిడ ప్రకటించింది.

వారానికో సీసా వచ్చింది. రెండో వారం పొర మందమైంది. మూడో వారం మూత్రం పొగచూరినట్టు నల్లబడింది. కాని మామను చూడడానికి వెళితే ముఖంలో ఉబ్బు లేదు, కాళ్లలో వాపు లేదు, రక్తపోటు సరిగా ఉంది. ఉప్పు లేని కోపం తప్ప ఏ రోగ లక్షణమూ లేదు. మనిషి ఒకటి చెబుతున్నాడు, సీసా ఒకటి చెబుతోంది. నేను సీసాను నమ్మాను. ఇదొక అరుదైన జబ్బు అనుకుని ఒక వ్యాసం రాయడానికి నోటుబుక్కు కూడా తెరిచాను.

వేడి సీసా

నాలుగో సీసా వచ్చిన రోజు మబ్బు పట్టి ఉంది. లస్మయ్య ఇచ్చిన సీసా అందుకున్న ఖాదర్ సాబ్ దాన్ని చెంపకు ఆనించుకుని నా దగ్గరికి వచ్చాడు.

"డాక్టర్ సాబ్, గిది వేడిగున్నది."

"ఎండకు వేడైంటది."

"ఎండ యాడున్నది సాబ్? నాలుగు కోసులు నడిచొచ్చిన సీసా గిట్ల వేడిగుంటదా?"

నేను తలెత్తి లస్మయ్యను చూశాను. నాలుగు వారాల్లో మొదటిసారి చూశాను. కళ్ల కింద సంచులు, ఉబ్బిన ముఖం, చీలమండల మీద ఎత్తుగా నిలిచిన వాపు. వేలు పెట్టి నొక్కితే గుంట పడి అట్లాగే ఉండిపోయింది. గోడకు ఆనుకుని ఆయాసపడుతున్నాడు. నేను అరుదైన జబ్బు కోసం పుస్తకాలు తిరగేస్తుంటే, అది ప్రతి వారం నా గుమ్మంలోకి నడిచి వచ్చి చేతికి సీసా ఇచ్చి దండం పెట్టి వెళ్లింది.

"లస్మయ్యా, గిది ఎవరిది?"

"దొరదే."

"నిజం చెప్పు."

"దొర పేరు మీద పోసిన గదా. దొరదే అయితది." సీసా వైపు చూపించి చెప్పాడు. "నీళ్లు నేనే మోస్తున్న. కట్టెలు నేనే కొడ్తున్న. నువ్వే పోసియ్యిరా అన్నడు దొర. గిది గూడ గసొంటి పనే అనుకున్న. గీ దవాఖాన గోడ వెనకనే పోస్తున్న, తాజాగుంటదని."

తర్వాత అతనే తల దించుకుని క్షమాపణ చెప్పాడు.

"జరంత తక్కువున్నది, కోపం చేయకున్రి. రెండు దినాల సంది సరిగ వస్తలేదు. ఎంత కూసున్నా సీసా నిండుతలేదు."

సీసాలో నాలుగు చెంచాలు కూడా లేదు. రెండు రోజుల్లో వచ్చింది దాదాపు అంతే. రక్తపోటు చూస్తే పాదరసం పైకి పోతూనే ఉంది. ఇట్లా ఇంకొన్ని రోజులు నీళ్లు మోస్తే ఈ మనిషి బతకడు. ఉండిపొమ్మంటే ఉండడు. తాను పోకపోతే గడిలో నీళ్లుండవని వెళ్లడానికి లేచాడు. అప్పటికప్పుడు బండి కిరాయికి మాట్లాడి, అతన్ని అందులో పడుకోబెట్టి నేనూ ఎక్కాను.

చీటీ

అరుగు మీద యథాప్రకారం మనుషులున్నారు. మామ బుగ్గలు పీక్కుపోయి కూర్చున్నాడు.

"మామా, మీ ఉచ్చ బాగ చెడిపోయింది," అన్నాను అందరికీ వినబడేట్టు. "గది ఎవరిదైతే వాళ్లు పదిహేను దినాల్ల పోతరు."

మామ అందరినీ పంపించేశాడు. తర్వాత నన్ను దగ్గరికి పిలిచి గొంతు తగ్గించాడు.

"అల్లుడూ, గా సీసల నాది లేదు."

"తెలుసు మామా. బండ్ల పండుకున్నడు."

"తెలిస్తే మరి మీ అత్తకు చెప్పు. నాకు ఉప్పెయ్యమను."

"ఎట్ల చెప్పాలె? సీసల ఎవరిదున్నదో చెప్పి చెప్పాల్నా, చెప్పకుంట చెప్పాల్నా?"

మామ వంటింటి వైపు చూశాడు. మూడు వారాలుగా అత్తమ్మ ఆయన కోసం పూజలు చేయిస్తోంది. చుట్టుపక్కల దొరలందరూ వచ్చి పరామర్శించి వెళ్లారు. వెట్టివాడి మూత్రానికి దొర పథ్యం చేశాడని తెలిస్తే జిల్లా అంతా నవ్వుతుంది.

"చెప్పకుంట," అన్నాడు.

"చెప్పకుంట చెప్పాలంటే గా ఉచ్చ సాఫ్ గావాలె. నేను అబద్ధం చీటీ రాయ. మా తాత గూడ రాయలే, అందుకే మాకు గడి లేదు."

"ఇప్పుడు నాది పోసిస్త. పట్టుకపో."

"మీది ఇప్పుడు తీసుకోను. వాంది సాఫయిన దినం తీసుకుంట."

మామకు ఈ మాట అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక చేతికర్రను నేలకేసి కొట్టాడు.

"ఎన్ని దినాలు?"

"ఆరు వారాలు. నీళ్లు మొయ్యద్దు, మంచం దిగద్దు. పాలు, గంజి, పండ్లు. ఉప్పు లేదు."

"ఎవలకు, నాకా వానికా?"

"ఉప్పు ఇద్దరికి లేదు. మంచం వానికి."

"వాడు సచ్చిపోతే?"

"రిజిస్టర్ల మీ పేరున్నది మామా. మీరు పోయినట్టే రాయాలె."

ఇట్లా చేయమని ఏ వైద్య గ్రంథంలోనూ లేదు. ఆరోగ్యంగా ఉన్న మనిషిని కావాలని పథ్యంలో ఉంచాను. మీరు ఇట్లా చేయకండి. మళ్లీ ఆ అరుగు ఎక్కవలసి వస్తే నేను మాత్రం ఇట్లాగే చేస్తాను.

మంచం

బండ్ల కొట్టంలో లస్మయ్యకు మంచం వేశారు. అతని భార్య బాలవ్వ వచ్చి, చెంబు నిండా పాలు చూసి ఏడుపందుకుంది.

"ఎన్నడు లేంది దొర పాలు పంపిండంటే మనిషి దక్కడనే గదా," అంది నాతో. ఆమెను ఓదార్చడానికి నాకు అరగంట పట్టింది.

అయిదో రోజు వెళ్లేసరికి లస్మయ్య ముఖం ఇంకా ఉబ్బి ఉంది, పడుకుంటే ఊపిరాడక కూర్చున్నాడు. మంచం దిగాడని తెలిసిపోయింది. ఎందుకని అడిగితే బాలవ్వ భుజం చూపించాడు. కావడి రాసుకుని తోలు లేచిపోయింది. అతను పడుకుంటే ఆ నీళ్లు ఆమె చేత మోయించారు. చూడలేక పొద్దున రెండు కావళ్లు తానే మోశాడు. పడుకొమ్మని చీటీ రాసినప్పుడు అతని కావడి ఎవరి భుజం మీదికి పోతుందో నేను ఆలోచించలేదు. మీ చీటీ మోసేది రోగి ఒక్కడే అనుకోకండి.

మామ దగ్గరికి వెళ్లి చెప్పాను.

"అట్లయితే నీళ్లెవలు తేవాలె? నేనా?" అన్నాడు.

అత్తమ్మ లోపలి నుంచి సమాధానం చెప్పింది. "కొట్టంల బండ్లు ఖాళీగనే ఉన్నయి. నీళ్ల గోళాలు పెట్టి తెప్పియ్యిన్రి. మీ పానానికి నెమ్మదిలేదు, నీళ్ల కాడ పంచాయితీ ఏంది?"

మర్నాటి నుంచి బండి మీద నీళ్లు వచ్చాయి. ఆ బండ్లు ఎప్పుడూ ఉన్నవే. మనిషి దొరికినన్నాళ్లు అవి ఎవరికీ గుర్తు రాలేదు.

ఇక మామ కొట్టానికి రోజుకు మూడుసార్లు రావడం మొదలుపెట్టాడు. ఆయన పుట్టాక ఆ కొట్టంలోకి అడుగుపెట్టి ఎరగడు. లస్మయ్య లేవబోతే చేతికర్ర చూపించేవాడు.

"లేస్తే కాళ్లు ఇరగ్గొడ్త. పండుకో. ఎంత పోసినవురా?"

"గిద్దెడు, దొరా."

"గిద్దెడేందిరా? నా సావు కోరుతున్నవా?"

ఈ సంభాషణ వింటూ ముఖం కదలకుండా నిలబడడం నేను వృత్తిలో చేసిన కష్టమైన పనుల్లో ఒకటి. అత్తమ్మ నన్ను పక్కకు పిలిచి, రోగం మనిషిని ఇంత మంచివాణ్ణి చేస్తుందా అని అడిగింది. ఒక్కోసారి చేస్తుందన్నాను.

పదకొండో రోజు, దవాఖాన వరండా నిండా జనం ఉండగా, గడి గుర్రం చెమటలు కక్కుతూ వచ్చి ఆగింది. దిగినవాడు చేతులు కట్టుకుని పెద్ద గొంతుతో చెప్పాడు.

"డాక్టర్ సాబ్, దొర చెప్పమన్నడు. చెంబు నిండిందట. రెండో చెంబు నడుస్తుందట."

మూతపడిన మూత్రపిండాలు తెరుచుకున్నాయి. ఇక వాపు దిగుతుంది, ఆయాసం పోతుంది, మనిషి దక్కుతాడు. నేను గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని నవ్వాను. బయటికి వచ్చేసరికి ఖాదర్ సాబ్ వరండాలో అందరికీ చాయ్ చెప్పాడు. పెద్ద డాక్టరు గారు కారణం అడిగారు. మొత్తం చెప్పాను, నా తప్పుతో సహా. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"తేనెకంటే ఇది నయం. కాని ఆ గడపలో నిలబడినవాణ్ణి మొదటి రోజే చూడవలసింది," అన్నారు.

ఆ ఒక్క మాట నన్ను ముప్పై ఏళ్లు వెంటాడింది. అందుకే చెబుతున్నాను. రోగి వెంట వచ్చినవాణ్ణి, సీసా మోసుకొచ్చినవాణ్ణి, గుమ్మం దగ్గర ఆగిపోయినవాణ్ణి చూడండి. మీ వంశం, మీ చదువు, మీ మర్యాద ఎవరి ముందు మిమ్మల్ని పెరట్లోకి పంపిస్తాయో తెలుసుకుని, సరిగ్గా అక్కడ కదలకుండా నిలబడండి.

తెర వెనక

ఆరు వారాలు నిండిన రోజు మామ, లస్మయ్య ఒకే బండిలో సిద్దిపేట వచ్చారు. లస్మయ్య ముఖం సన్నగా, కొత్తగా కనిపించింది. ముందు అతని వంతు. మా సీసాలో, మా తెర వెనక, నా ఎదుట. నాళికను మంట మీద పెట్టినప్పుడు మామ నా భుజం మీదుగా వంగి చూస్తున్నాడు. ఆయన ఊపిరి నా మెడకు తగులుతోంది. మరిగింది. ఆమ్లం వేశాను. నీళ్లలాగే ఉంది. ఇంకో రెండు చుక్కలు వేశాను. ఎత్తి కిటికీ వెలుతురుకు పట్టుకుంటే అవతలి వేపచెట్టు ఆకులు కనిపించాయి.

"సాఫ్," అన్నాను.

మామ స్టూలు మీద కూలబడ్డాడు. లస్మయ్య నాళికను చూసి, దొరను చూసి, ఇప్పుడు తనను ఎవరు ఏమంటారో తెలియక నిలబడ్డాడు.

"ఇప్పుడు మీది మామా," అన్నాను గాజు గ్లాసు చేతికిచ్చి. నాకు ఆయన జబ్బు ఇదివరకే అర్థమైంది. అరుగు మీద కొలువు మధ్యలో లేవడం చిన్నతనమని పొద్దంతా నీళ్లు తాగేవాడు కాదు. మంట దానిదే. అయినా ఈసారి చూడకుండా ఒక్క మాట రాయదలుచుకోలేదు. తెర పక్కనే నిలబడ్డాను.

గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లాడు. నిలబడ్డాడు. ఏమీ రాలేదు. యాభై అయిదేళ్లలో తన పని తాను చేయమని ఎవరూ ఆయనను ఇట్లా నిలబెట్టలేదు. అల్లుడు చూస్తుండగా, కంపౌండర్ వింటుండగా అసలే రాలేదు. ఖాదర్ సాబ్ ఒక చెంబులోంచి ఇంకో చెంబులోకి సన్నటి ధారగా నీళ్లు వంచడం మొదలుపెట్టాడు. పావుగంట గడిచింది.

గుమ్మం దగ్గర నుంచి లస్మయ్య, నిజంగా సాయం చేద్దామనే, మెల్లగా అడిగాడు.

"దొరా, నేను పొయ్యాల్నా?"



"నువ్వు కూసో," అన్నాడు మామ తెర వెనక నుంచి. "నాది నేనే పోస్త."

మరి కాసేపటికి గాజు గ్లాసులో చప్పుడైంది. ఖాదర్ సాబ్ నీళ్లు వంచడం ఆపాడు.